ఫాంటు కూడా పంపారా?

విజయవాడ ఏలూరు రోడ్డు పబ్లిషర్లకు పుస్తకాలు కంపోజ్ చేసే రోజుల్లో, మ్యాటర్ ఫ్లాపీలో వచ్చినా మెయిల్లో వచ్చినా నేను మొదట అడిగేది ఇదే. అను, శ్రీలిపి, ఐలీప్, దేని లెక్క దానిదే. ఆ ఫాంటు మన దగ్గర లేకపోతే ఫైలు చక్కగా తెరుచుకునేది గానీ, తెరనిండా కొమ్ములూ చుక్కలూ మొలిచిన ఇంగ్లీషు అక్షరాలు.

ఎందుకంటే లోపల దాచింది తెలుగు కాదు. ఒక ఫాంటుకి ఉన్నవి 256 గళ్లు. ఇంగ్లీషు అక్షరాల గళ్లలోనే మన తలకట్లు, గుడులు, ఒత్తులు ముక్కలు ముక్కలుగా సర్దేవారు. ఒకరు తలకట్టు పెట్టిన గడిలో ఇంకొకరు ఒత్తు పెట్టేవారు. అకారాది సూచిక కావాలంటే కంప్యూటరు ముందు కూర్చుని చేత్తో రాసుకోవాల్సిందే!

అందరికీ ఒకే లెక్క లేకపోలేదు. భారత ప్రమాణాల సంస్థ 1991లో భారతీయ లిపుల సంకేతాల పట్టిక ఇస్కీని ఐఎస్ 13194గా ఖరారు చేసింది. అదే ఏడు యూనికోడ్ మొదటి కూర్పులో తెలుగుకి 128 గళ్లు దక్కాయి. వరుస ఇస్కీ పాత కూర్పుదే. అయినా అచ్చుకి కావలసింది అందమైన అక్షరం, అది ఫాంట్లు అమ్మేవాళ్ల దగ్గరుంది. 2001లో విండోస్ ఎక్స్‌పీతో గౌతమి అనే యూనికోడ్ తెలుగు ఫాంటు వచ్చింది. ఆ ఏడే వచ్చిన మా పేజీలు కట్టే ప్రోగ్రాము పేజ్‌మేకర్ 7కి మాత్రం యూనికోడ్ తెలియదు. ఆ ప్రోగ్రాముకి అదే ఆఖరి కూర్పు, మేమంతా దాన్నే పట్టుకు వేలాడాం.

కదిలించింది ప్రెస్సులు కావు, ఇంటర్నెట్లో రాసేవాళ్లు. వీవెన్ తయారుచేసిన లేఖిని అనే వెబ్ పేజీలో ఇంగ్లీషు కీబోర్డుతోనే యూనికోడ్ తెలుగు కొట్టొచ్చు. ఫైర్‌ఫాక్స్‌లో పెట్టుకునే పద్మ, పత్రికల సైట్లలోని ఫాంటు తెలుగును యూనికోడ్‌లోకి మార్చి చూపేది. 2006లో గూగుల్ రైట్లీని కొని గూగుల్ డాక్స్ తెచ్చింది. ఓడీఎఫ్ అనే ఫైలు రూపం అంతర్జాతీయ ప్రమాణమైందీ అప్పుడే. ఫైలు ఏ రూపంలో ఉండాలని లోకం వాదించుకుంటుంటే, మనం ఇంకా ఆ ఫైల్లోని అక్షరం దగ్గరే ఆగి ఉన్నాం. నా దృష్టిలో అసలు ముడి అదే. అది విడ్డాకే డల్లాస్ రచయితా, హైదరాబాదు ఎడిటరూ, నేనూ ఒకే పేజీలో కూర్చుని దిద్దుకోగలిగాం.

ఇన్‌డిజైన్‌లో ఇప్పుడు యూనికోడ్ తెలుగు బాగానే కుదురుతుంది. కానీ పాత ఫాంటే కావాలనే పబ్లిషర్లు ఇంకా ఉన్నారు. వాళ్ల కోసం వెనక్కి మారిస్తే మధ్యలోని ఇంగ్లీషు మాటలు ఒత్తులూ కొమ్ములూ అయిపోతాయి. అందుకే డాక్స్‌లో రాసేటప్పుడే వాటికి తర్వాత వెతుక్కుని సరిచేసుకునేలా ఎర్రరంగు వెయ్యమని రచయితలకు చెబుతుంటాను.