తోటకూర విత్తుల దేవుడు

మెక్సికో లోయలోని సరస్సు నడుమ వెలసిన తెనోచ్‌తిత్లాన్ నగరమున, స్పెయిను దేశీయుల ఓడలు ఆ తీరమును చేరక పూర్వము, ఏటేటా దేవుని పిండితో మలచి, బాణముతో పొడిచి చంపి, ఆ దేహమును పంచుకొని తినెడి ఆచారమొకటి యుండెను. ఆ దేవుడు మెషీకా జనుల కులదైవమును యుద్ధాధిదేవతయు నగు హుయిత్సిలోపోచ్ట్లి. ఆ మూర్తికి ద్రవ్యము మన తోటకూరకు దగ్గఱి చుట్టమైన యొక మొక్క విత్తులు. నేడు మహారాష్ట్రులును గుజరాతీలును ఉపవాసదినములందు లడ్డులుగా చేసికొని తిను రాజగిరా ఆ జాతిదే. మెషీకాలకది మొక్కజొన్నతో సాటివచ్చు ధాన్యము, సామంతమండలములనుండి కప్పముగా రాజధానికి వచ్చు ధాన్యము. తమ ప్రాణములను నిలుపు గింజతోనే దైవమునకు దేహమును కల్పించుటయందలి ఔచిత్యమును గుర్తింపనివారికి ఈ ఆచారము వట్టి వింతగానే తోచును.

1529లో మెక్సికోకు వచ్చిన ఫ్రాన్సిస్కను సన్న్యాసి బెర్నార్దినో దె సహగూన్, వృద్ధులైన మెషీకాలను పిలిపించి, వారి నవాట్ల్ భాషలోనే వారిచే చెప్పించి వ్రాయించిన పండ్రెండు భాగముల మహాగ్రంథమున ఈ వృత్తాంతము కలదు. విత్తులను పొట్టు లేకుండ చెరిగి, మెత్తగా విసరి, ఆ పిండితో దేవుని యొడలు మలచెడివారు. మఱునాడు మోక్తెసూమా చక్రవర్తి యెదుట, క్వెత్సాల్‌కోవాట్ల్ అను బిరుదముగల పూజారి చెకుముకిమొన బాణముతో ఆ మూర్తి గుండెను పొడిచెడివాడు. గుండె చక్రవర్తి పాలు. తక్కిన దేహము తెనోచ్‌తిత్లాన్, త్లాతెలోల్కో వాసులకు పంచబడెడిది. ప్రతివాని వంతునకు వచ్చునది చిన్న తునుక మాత్రమే.

కాని నా మనస్సును మిక్కిలి ఆకర్షించునది ఆ భోజనము కాదు, తరువాతి సంవత్సరము. దైవమును తిన్న యువకులు ఆ యేడాది పొడవునను దైవమును కాచువారుగా నెంచబడి, కట్టెలును వస్త్రములును సమర్పించుచు, దేవాలయసేవకు బద్ధులై యుండవలెను. ఆ భారము మోయరానిదై, తమ భూములను కుదువపెట్టినవారును, యుద్ధమున చావును కోరినవారును ఉండిరని ఆ వృద్ధులు చెప్పిరి. నోటిలో వేసికొన్న పిండి తునుక ఋణపత్రమై, తిన్నవానినే బంధించెను.

రాజాస్థానమునందే గాక గృహములందును ఇట్టి యాచారముండెను. వానలనిచ్చు కొండలను ఆ పిండితోనే చిన్ని బొమ్మలుగా మలచి, గుమ్మడి గింజలతో పండ్లను, నల్లని చిక్కుడు గింజలతో కన్నులను అమర్చి, రాత్రియెల్ల పాటలతో కొలిచి, తెల్లవారిన పిదప నేతకఱ్ఱతో ఆ బొమ్మ రొమ్మును చీల్చి గుండెను తీసి, ఇంటిల్లిపాది తినెడివారు. ఆఁడువారు మగ్గముపై నిత్యము వాడు పనిముట్టు ఇచట బలికత్తియైనది.

1520వ సంవత్సరము మే నెలలో, తోష్కాట్ల్ పండుగకై, ఏడాది ఉపవసించిన స్త్రీలు ఆలయప్రాంగణమున విత్తులు విసరుచుండగా, ఆయుధపాణులైన స్పెయిను సైనికులు వారి నడుమ తిరుగుచు మొగములలోనికి తేఱి చూచిరని మెషీకాల కథనము. మూర్తి సిద్ధమైనది, ఆభరణములు తొడిగిరి, నృత్యము సాగుచున్నది. అంతట ఆ సైనికుల నాయకుడు పేద్రో దె అల్వరాదో ఆజ్ఞపై ద్వారములు మూసి, నిరాయుధులైన నర్తకులను నఱికిరి. నగరమంతయు తిరుగుబాటు చేసినది ఆ ఘోరకృత్యమువలననే.

తరువాత వచ్చిన క్రైస్తవ సన్న్యాసులను ఈ పిండిదేవుడు కలవరపెట్టెను. భక్తులు దానిని దైవమాంసముగా నెంచి భయభక్తులతోను కన్నీళ్లతోను స్వీకరించిరని దియేగో దురాన్ వ్రాసెను. 1590లో జెస్వీటు పండితుడు హోసే దె అకోస్తా, ఇది క్రీస్తు దేహముగా తాము స్వీకరించు రొట్టెయగు సత్ప్రసాదమును సైతాను అనుకరించుటయే యని తీర్మానించెను. ఆ శతాబ్దమున ఐరోపాలోనే ఆ రొట్టెను గూర్చి ఘోరమైన కలహము నడచుచుండెను: సహగూన్ మెక్సికోలో అడుగిడిన 1529లోనే, రొట్టెయందు క్రీస్తు దేహము నిజముగా నున్నదా యని మార్‌బుర్గులో మతసంస్కర్తలైన లూథరును జ్వింగ్లీయు వాదించి ఏకీభవింపక విడిపోయిరి, 1551లో కతోలికుల త్రెంతు మహాసభ రొట్టె యొక్క సారమే దేహముగా మాఱునని మరల శాసించెను. తమలో తామే తేల్చుకొనలేని రహస్యమును పరులలో చూచినప్పుడు దానికి సైతానును కర్తగా నిలుపుట వారికి సులభమైనది. నాకు మాత్రము ఈ రెండింటి నడుమ అనుకరణ కనుపించదు. క్రైస్తవునికి ఆ రొట్టె, దేవుడు తానుగా మానవునకై చేసిన బలి. మెషీకాకు దేవుని చంపినది మానవుని చేయి, కనుక తీర్పవలసిన బాకీయు మానవునిదే. మహాసముద్రమునకు ఆవలి యొడ్డున, రొట్టెను ఎఱుగని జనము తమంత తాము ఈ భావమును చేరుకొనుట, అనుకరణవాదముకంటె ఎంతయో గంభీరమైన విషయము.

అకోస్తా గ్రంథము వెలువడిన ముప్పది తొమ్మిదేండ్లకు, 1629లో, ఎర్నాందో రుయిస్ దె అలార్కోన్ అను మతాధికారి, గ్రామములలో పాతయాచారములు ఇంకను సాగుచున్నవని ఫిర్యాదుగా నొక గ్రంథము వ్రాసెను. ఆ తోటకూర విత్తులు పండగానే తొలిపంటతో చిన్న చిన్న మానవాకృతులు చేసి, గృహములలోని పూజాస్థలములందుంచి, క్రొవ్వొత్తులును ధూపమును సమర్పించి, మఱునాడు ముక్కలుగా విఱిచి తినుచున్నారని అతడు తెలిపెను. తినుచున్నవారు జ్ఞానస్నానము పొందిన క్రైస్తవులు. వారి తాతముత్తాతలనాటినుండి ఆదివారము పూజలో ఆ మఱియొక దేహమును గూర్చియు వారు వినుచునే యుండిరి.