నొక్కితే పలికే చోటు

మూలా నక్షత్రానికి బొబ్బిలి వీణ మీద వ్యాసం కావాలి, మంగళవారం సాయంత్రానికల్లా అందాలి అని అనుబంధం నుంచి కబురొచ్చింది. ఏటా వచ్చే కబురే. సరస్వతీ పూజ ముందర మన పత్రికలకు బొబ్బిలి గుర్తొస్తుంది. పూజ అయ్యాక, మళ్లీ జనవరిలో తాండ్ర పాపారాయుడి దాకా ఎవరికీ పట్టదు.

రాయడానికి కూర్చున్నది నాలుగేళ్ల నాటి ల్యాప్‌టాప్ ముందు. దాని ట్రాక్‌ప్యాడ్‌కి ఒక జబ్బుంది. కింది అంచున నొక్కితే టక్కుమంటుంది, మధ్యలో నొక్కితే మూలుగుతుంది, పై అంచున ఎంత అదిమినా ఉలుకూ పలుకూ ఉండదు. "ఏటిరా ఆ నొక్కుడు, గారెలు తడుతున్నావేటి?" అంది పక్క గదిలోంచి మా పిన్ని. రెండు రోజులు వీణ గురించి చదువుతూ ఆ పలకతో కుస్తీ పట్టాక తోచింది, రెండింటిదీ ఒకటే తగువు. ఎక్కడ నొక్కినా వేలికి ఒకేలా ఉండాలి.

వరసలో చెప్పాలంటే అమరావతి శిల్పాల దగ్గర మొదలెట్టాలి. అక్కడ కనిపించే వీణ విల్లులా వంగి ఉంటుంది. మెట్లు లేవు, నొక్కే పనే లేదు, స్వరానికో తీగ. అక్కణ్నుంచి వెయ్యేళ్లకు పైగా ఒక్క గెంతు గెంతితే 1550లో రామామాత్యుడు. విజయనగర సామ్రాజ్యంలో అళియ రామరాయల కాలంలో 'స్వరమేళకళానిధి' రాసి, ఒక్క అమరికతోనే అన్ని రాగాలూ పలికించే వీణ గురించి చెప్పాడు. అంతకుముందు రాగం మారితే మెట్లు జరుపుకునేవారు. ఇంకో యాభై అరవై ఏళ్లకి తంజావూరులో రఘునాథ నాయకుడు, మంత్రి గోవింద దీక్షితులు. 24 మెట్లను కదలకుండా నిలబెట్టిన ఘనత సంప్రదాయం వాళ్లకే ఇస్తుంది.

బొబ్బిలి అనగానే యుద్ధం రాయకపోతే పాఠకులు ఊరుకోరు. 1757 జనవరి 24న ఫ్రెంచి సేనాని బుస్సీని వెంటబెట్టుకుని విజయనగరం రాజు బొబ్బిలి కోట మీదికొచ్చాడు, కోట కాలింది, తర్వాత ఆ రాజునీ బొబ్బిలి సేనాని పాపారాయుడు చంపాడు. అయిపోయింది. నాకు మటుకు ఆ తర్వాతి సంగతే ముచ్చటగా ఉంటుంది. అంత పగపట్టిన రెండు ఊళ్లలో ఒకటి వీణలు చేసే ఊరుగా పేరు తెచ్చుకుంది. రెండోది 1919లో సంగీత కళాశాల పెట్టి, ఆదిభట్ల నారాయణదాసుని మొదటి ప్రిన్సిపాల్‌గా కూర్చోబెట్టింది. ఆ దాసుగారు పుట్టిన అజ్జాడ బొబ్బిలికేసి ఉన్న పల్లెటూరే.

ఇక గొల్లపల్లికి పోదాం. బొబ్బిలి పక్కనే ఉన్న ఈ ఊళ్లో సర్వసిద్ధి వారి కుటుంబాలు తరతరాలుగా వీణలు చేస్తున్నాయి. ఎండబెట్టిన పనస దుంగ తెచ్చి, కుండ, దండి, యాళి తల అన్నీ ఒకే మానులోంచి తొలిచి తీస్తే అది ఏకాండి వీణ. బొబ్బిలి పేరు చెప్పగానే జనం మెచ్చుకునేది ఆ చెక్కుడే. అది కళ్లకు కనిపిస్తుంది మరి. నేను మురిసిపోయేది చివర్లో జరిగే పని చూసి. దాన్ని మేళం కట్టడం అంటారు.

దండికి రెండు వైపులా నల్ల మైనంతో రెండు గట్లు పోస్తారు. వాటి మీద 24 లోహపు మెట్లు ఒక్కొక్కటే నిలబెడతారు. బిరడలు తిప్పి తీగని శ్రుతిలో పెట్టి, మీటి, విని, మెట్టుని వెంట్రుకవాసి జరిపి, మళ్లీ మీటి, మళ్లీ విని, స్వరం కుదిరాక మైనంలో అదిమి కూర్చోబెడతారు. స్వరం ఒక్కటే కుదిరితే చాలదు, ఎత్తు కూడా కుదరాలి. ఒక మెట్టు పక్క దానికంటే కాస్త పైకి ఉంటే తీగ దానికి రాసుకుని జుయ్యిమంటుంది. కాస్త కిందికి ఉంటే దాని స్వరం మింగేసి పై మెట్టు స్వరం పలుకుతుంది.

అసలు చిక్కు ఇంకోటుంది. రెండు కొసలా బిగించిన తీగని నడిమధ్య నొక్కితే సులువుగా వంగుతుంది, కొసకి దగ్గరగా నొక్కితే మొండికేస్తుంది. యాళి వైపు తీగ కొసనుండే మేరువు పక్కనున్న మొదటి మెట్టు తీగ పొడవులో ఇంచుమించు 18వ వంతు దూరంలో ఉంటుంది. అక్కడ తీగని వంచాలంటే నడిమధ్యన అంతే లోతు వంచడానికి పట్టే బలానికి దాదాపు 5 రెట్లు కావాలి. మెట్లన్నీ తీగకి సమానమైన దూరంలో పెడితే వాయించేవాడి వేలు కింది స్థాయిలో కందిపోతుంది, మధ్యలో జారిపోతుంది. అందుకే మేరువు దగ్గర తీగకీ మెట్టుకీ సందు బహు తక్కువ. కుండ మీది గుర్రం వైపు పోయేకొద్దీ ఆ సందు పెరుగుతుంది. ఎక్కడ బలం ఎక్కువ పడుతుందో అక్కడ లోతు తగ్గించారన్నమాట. ఈ లెక్క ఎవరూ కాగితం మీద వేసుకోలేదు, చేతివేలితోనే వేశారు. వేసవిలో మైనం మెత్తబడి, వాయించి వాయించి మెట్ల మీద గాళ్లు పడితే ఆ పనంతా మళ్లీ మొదటికొస్తుంది.

ల్యాప్‌టాప్ వాళ్లు ఇదే గోతిలో పడ్డారు. వేలి స్పర్శని విద్యుత్తుతో పసిగట్టే పలకని 1988లో అమెరికాలో జార్జ్ గెర్ఫైడ్ కనిపెట్టాడు. 1994లో యాపిల్ దాన్ని తన పవర్‌బుక్‌లో పెట్టింది. అప్పట్లో బటన్ విడిగా ఉండేది కాబట్టి తగువు లేదు. 2008లో బటన్ తీసేసి గాజు పలకనే బటన్ చేశారు. పై అంచున మడతబందు, కింది అంచున చిన్న స్విచ్చి. మన తలుపు లెక్కే. గడియ దగ్గర తోస్తే వేలితో తెరుచుకుంటుంది, బందు దగ్గర తోస్తే భుజం పెట్టినా కదలదు. బందుకి 8 సెంటీమీటర్ల దూరంలో సరిపోయే ఒత్తిడికి, 2 సెంటీమీటర్ల దూరంలో నాలుగు రెట్లు కావాలి. మిగతా కంపెనీలూ అదే బందు పెట్టుకున్నాయి. నా జబ్బు పలక ఆ వంశంలోదే.

2015 మార్చిలో యాపిల్ ఒక గడుసు పని చేసింది. పలక కిందికి కదలడమే మాన్పించింది. నాలుగు మూలలా ఒత్తిడిని కొలిచే పరికరాలు పెట్టి, వేలు చాలినంత నొక్కగానే విద్యుదయస్కాంతంతో పలకని పక్కకి రవంత కుదిపింది. వేలు మాత్రం కిందికి దిగానని నమ్ముతుంది. కంప్యూటర్ ఆపేసి నొక్కి చూడండి, అద్దం మీద వేలు పెట్టినట్టే ఉంటుంది. గొల్లపల్లి వాళ్లు వేలి కష్టం తగ్గించారు, వీళ్లు వేలిని బురిడీ కొట్టించారు. రెండోది తప్పని అనను, ఎక్కడ నొక్కినా హాయిగానే ఉంది.

ఇక్కణ్నుంచి కథ చెదిరిపోతుంది. 2021లో మైక్రోసాఫ్ట్ కూడా సర్ఫేస్ ల్యాప్‌టాప్ స్టూడియోలో కుదుపు పలక పెట్టింది, ఇంకొందరూ పెట్టారు, చవక యంత్రాల్లో మాత్రం బందు బందులాగే ఉంది. బొబ్బిలి వీణకి భౌగోళిక గుర్తింపు వచ్చింది, సంతోషం. ఇప్పుడు సభల్లో సన్మానాలకి జానెడు బొమ్మ వీణలు ఇస్తున్నారు. వాటికి యాళి ఉంటుంది, తీగలుంటాయి, మేళం ఉండదు. అవి ఎవరింట్లోనైనా ఉంటే ఒకసారి మీటి చూడండి. వినబడేదేమీ ఉండదు.

ల్యాప్‌టాప్ కొనడానికి దుకాణానికి వెళ్తే పలక కింది అంచున నొక్కి సరే అనేయకండి. పై అంచున, రెండు మూలలా నొక్కాకే డబ్బులివ్వండి. నేను నొక్కలేదు.