పిండం గుండె కొట్టుకుంటే చాలదు.. రక్తం ఎంత బలంగా తోస్తోంది? లేజర్‌తో పట్టి కొలిచారు!

ఓ కెమికల్ నీళ్లలో కలిస్తే చేప పిల్లలకు ఏమవుతుంది? ఫార్మా, కెమికల్ కంపెనీలున్న అచ్యుతాపురం లాంటి చోట ఇది ఊరికే వచ్చే ప్రశ్న కాదు. దీన్ని తేల్చే పద్ధతుల్లో ఒకటి 2013లో వచ్చిన ఓఈసీడీ 236వ నంబర్ టెస్టు. జీబ్రా ఫిష్ గుడ్లను ఆ కెమికల్ కలిపిన నీళ్లలో 96 గంటల పాటు ఉంచుతారు. పిండం చనిపోయిందని చెప్పే నాలుగు గుర్తుల్లో గుండె కొట్టుకోకపోవడం ఒకటి.

మరి గుండె కొట్టుకుంటూనే రక్తం నీరసంగా పారితే?

అది చిన్న విషయమేం కాదు. పారే రక్తం నాళం గోడను రాసుకుంటూ పోతుంది. ఆ రాపిడి ఎన్ని కణాలు తయారవ్వాలో కూడా నిర్ణయిస్తుందని 2009లో అమెరికా పరిశోధకులు తేల్చారు. గుండె కొట్టుకోని జీబ్రా ఫిష్ పిండాల్లో రక్త మూలకణాలు బాగా తగ్గిపోయాయి. నైట్రిక్ ఆక్సైడ్ విడుదల చేసే మందు ఇస్తే మళ్లీ పెరిగాయి. గుండె ఆగినా పిండం ఎలా బతికింది అంటారా? ఒళ్లు చిన్నది కాబట్టి కొన్ని రోజుల దాకా ఆక్సిజన్ నీళ్ల నుంచే నేరుగా అందుతుంది. అందుకే ఈ చేపంటే సైంటిస్టులకు అంత ఇష్టం. పైగా ఇది మన ఉపఖండం చేపే. హైదరాబాద్ సీసీఎంబీలోనూ పెంచుతున్నారు.

అసలు చిక్కంతా కొలతలోనే. పిండం ఒళ్లు అద్దంలా ఉంటుంది కాబట్టి హైస్పీడ్ కెమెరాతో కణాల వేగం తెలుస్తుంది. దాన్నుంచి బలాన్ని లెక్కగట్టొచ్చు. కానీ సన్నటి నాళంలో రక్తకణం దాదాపు నాళమంత ఉంటుంది. పైపులో నీళ్ల లెక్క అక్కడ సరిగ్గా కుదరదు.

ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బర్గ్ పరిశోధకులు 2017లో నేరుగా కొలిచే దారి చూపించారు. లేజర్ కాంతిని ఒక్క బిందువుపై కేంద్రీకరిస్తే అది ఎర్ర రక్తకణాన్ని పట్టి ఉంచుతుంది. పూడిమడక తీరంలో తాడుతో కట్టిన పడవను అల తోస్తే కాస్త జరిగి మళ్లీ వెనక్కి వస్తుంది కదా.. ఇదీ అంతే. గుండె కొట్టుకున్నప్పుడల్లా కణం కొంచెం జరుగుతుంది. ఎంత జరిగిందో చూస్తే తోసిన బలం తెలుస్తుంది. అది పికోన్యూటన్లలో ఉంటుంది. అంటే న్యూటన్‌లో లక్ష కోట్లవ వంతు!

ఇదే టీమ్ 2018లో మరో సంగతి బయటపెట్టింది. రక్తంలో తిరిగే క్యాన్సర్ కణాలు ఎక్కడ ఆగుతాయన్నది కూడా ప్రవాహ వేగాన్ని బట్టే ఉంటుందట. ప్రవాహం జోరుగా ఉన్న చోట అవి గోడకు అంటుకుని నిలవలేవు. నెమ్మదిగా ఉన్న చోటే ఆగుతాయి.

అయితే ఈ లేజర్ పద్ధతి ఒంట్లోంచి వెలుగు బాగా దూరే చోటే పనిచేస్తుంది. తల్లి కడుపులోని బిడ్డ విషయంలో డాక్టర్లకు ఇప్పటికీ డాప్లర్ స్కానే ఆధారం. అది చూపించేది రక్తం వేగాన్నే, ఒక్కో కణంపై పడే బలాన్ని కాదు.