మిశ్రలోహ నానోరేణువులు: తయారీ, జీవకణ పరీక్షల చరిత్ర

రెండు లేదా అంతకు మించిన లోహాల పరమాణువులు కలిసి ఏర్పడి, సుమారు 1 నుంచి 100 నానోమీటర్ల పరిమాణంలో ఉండే రేణువులను మిశ్రలోహ నానోరేణువులు అంటారు. మిల్లీమీటరులో పది లక్షలవ వంతు ఒక నానోమీటరు. తెలుగులో ‘కణం’ అన్న మాట లోహపు తునకకూ, ప్రాణుల దేహంలోని మూలాంశానికీ సమానంగా చెల్లుతుంది గనుక, ఆ రెండూ తరచు ఎదురుపడే ఈ విషయంలో మొదటిదాన్ని నానోరేణువు అనీ, రెండోదాన్ని జీవకణం అనీ వ్యవహరించడం మేలు. ఇందులో తయారీ చరిత్ర శతాబ్దాల నాటిది కాగా, తయారైనది జీవకణాన్ని ఏం చేస్తుందన్న విచారణ ఇటీవలిది.

ఈ రేణువులకు ప్రసిద్ధమైన ప్రాచీన నిదర్శనం క్రీ.శ. 4వ శతాబ్దానికి చెందిన రోమన్ గాజుపాత్ర లైకర్గస్ కప్పు. 1958లో బ్రిటిష్ మ్యూజియానికి చేరిన ఈ పాత్ర, వెలుగు బయటినుంచి పడినప్పుడు ఆకుపచ్చగానూ, లోపలినుంచి ప్రసరించినప్పుడు ఎర్రగానూ కనిపిస్తుంది. వెండి సుమారు మూడింట రెండు వంతులు, బంగారం ఒక వంతు ఉన్న నానోరేణువులు గాజులో చెదిరి ఉండటమే ఇందుకు కారణమని 20వ శతాబ్దపు విశ్లేషణలు తేల్చాయి. పాత్ర చేసిన పనివారికి ఫలితం తెలుసునే గాని, కారణం తెలిసే వీలు లేదు.

కారణాన్వేషణ మైకేల్ ఫారడేతో మొదలైంది. బంగారు లవణ ద్రావణంనుంచి తాను రాబట్టిన ఎర్రటి ద్రవంలో ఉన్నది అతి సూక్ష్మంగా చీలిన బంగారమేనని ఆయన 1857లో వివరించగా, అలాంటి రేణువులు కాంతిని ఎలా శోషించి వెదజల్లుతాయో గుస్టావ్ మీ 1908లో గణితపరంగా నిరూపించాడు. 1951లో టర్కెవిచ్, ఆయన సహచరులు మరుగుతున్న బంగారు లవణ ద్రావణంలో సోడియం సిట్రేట్ కలిపి, పరిమాణంలో దాదాపు ఒకేలా ఉండే రేణువులు పొందే పద్ధతిని క్రమబద్ధం చేశారు. లోహ అయాన్లకు ఎలక్ట్రాన్లు అందించి వాటిని పరమాణువులుగా మార్చడాన్ని క్షయకరణం అంటారు. సిట్రేట్ ఆ పని చేయడమే కాక, రేణువులకు పైపూతగా అంటి అవి ముద్దకట్టకుండా కాపాడుతుంది. నేటికీ ప్రయోగశాలల్లో ఎక్కువగా వాడే పద్ధతుల్లో ఇది ఒకటి.

రెండు లోహాలను ఒకే రేణువులో కలపడం కంసాలి మూసలో కరిగించి కలిపినంత సులువు కాదు. బంగారం, వెండి స్ఫటికాల్లో పరమాణువుల ఎడం ఇంచుమించు ఒకటే గనుక అవి ఏ పాళ్లలోనైనా కలుస్తాయి. అయితే ద్రావణంలో బంగారు అయాన్లు ముందుగా క్షయకరణం చెందుతాయి కాబట్టి, జాగ్రత్త తీసుకోకపోతే బంగారు గింజపై వెండి పెంకు ఏర్పడుతుందే తప్ప మిశ్రలోహం ఏర్పడదు. పైగా బంగారు లవణంలోని క్లోరైడు వెండి అయాన్లను తాకగానే సిల్వర్ క్లోరైడు తెల్లగా అవక్షేపించే ప్రమాదం ఉండటంవల్ల ద్రావణాలను బాగా పలుచగా ఉంచవలసి వస్తుంది. 1999లో లింక్, వాంగ్, ఎల్-సయ్యద్ రెండు లవణాలనూ సిట్రేట్‌తో ఒకేసారి క్షయకరించి మిశ్రలోహ రేణువులు పొందారు. కాంతి శోషణ శిఖరం వెండికి 400, బంగారానికి 520 నానోమీటర్ల దరిదాపుల్లో ఉంటుంది. విడివిడి రేణువుల మిశ్రమమైతే రెండు శిఖరాలూ కనిపించాలి. వీరికి ఒకే శిఖరం కనిపించి, బంగారం పాలు పెరిగేకొద్దీ అది క్రమంగా జరుగుతూ పోయింది. లోహాలు నిజంగా కలిశాయనడానికి ఇది బలమైన ఆధారం.

భారతదేశంలో ఈ కృషి వంటింటి వస్తువులనూ తాకింది. మజ్జిగలోని లాక్టోబాసిల్లస్ బ్యాక్టీరియా సాయంతో బంగారం, వెండి, వాటి మిశ్రలోహపు స్ఫటికాలు పెరగడాన్ని మద్రాసు ఐఐటీకి చెందిన నాయర్, ప్రదీప్ 2002లో ప్రకటించారు; అవి నానోరేణువులకన్నా కొంత పెద్దవి. పుణెలోని జాతీయ రసాయన ప్రయోగశాలలో మురళీ శాస్త్రి బృందం 2004లో వేపాకు కషాయంతో బంగారు గింజ, వెండి పెంకు గల రేణువులను, మరుసటి ఏడు ఫ్యుజేరియం శిలీంధ్రంతో అసలైన మిశ్రలోహ రేణువులను తయారుచేసింది. ఆ తరువాత వెల్లువెత్తిన ఆకు కషాయాల పరిశోధనల్లో ‘హరిత పద్ధతి’ గనుక హానిరహితమే అన్న ధోరణి కనిపిస్తుంది గాని, అది నిలిచే వాదన కాదు. రేణువుకు అంటుకున్న మొక్కల రసాయనాలు కూడా జీవకణంపై పనిచేస్తాయి కాబట్టి, పరీక్షలో ఏది దేని ప్రభావమో తేల్చడం మరింత కష్టమవుతుంది. ద్రవంలో ఉంచిన లోహపు బిళ్లను లేజరుతో చెక్కే పద్ధతికి ఆదరణ పెరగడానికి ఒక కారణం, అందులో ఇలాంటి అవశేషాలు లేకపోవడమే.

జీవకణ పరీక్షలకు సాధనాలు వేరే అవసరాలకోసం పుట్టాయి. మానవ జీవకణాలను ప్రయోగశాలలో ఎడతెగకుండా పెంచడం 1951లో హీలా అనే జీవకణాలతో సాధ్యపడింది. బతికున్న జీవకణాలు పసుపు రంగు టెట్రజోలియం లవణాన్ని ఊదా రంగు ఫార్మజాన్‌గా మార్చే గుణాన్ని ఆధారం చేసుకుని, రంగు గాఢతనుబట్టి మిగిలిన జీవకణాలను అంచనా వేసే ఎంటీటీ పరీక్షను 1983లో మోస్మన్ రూపొందించాడు. నానోరేణువుల విషయంలో ఈ పరీక్షకు ఒక చిక్కుంది. ఫార్మజాన్ శోషణను కొలిచే 570 నానోమీటర్ల ప్రాంతంలో బంగారు రేణువులు కూడా కొంత కాంతిని శోషిస్తాయి. దానివల్ల చచ్చిన జీవకణాలు బతికున్నట్టు లెక్కకు రావచ్చు. కార్బన్ నానోగొట్టాలు ఇదే పరీక్షలో వేరే రీతిలో పరిశోధకులను తప్పుదారి పట్టించిన సంగతి 2006లో వెల్లడైంది. ఇంకో చిక్కు, రక్తంలోనో పోషక ద్రవంలోనో పడిన రేణువును ప్రోటీన్లు కమ్ముకోవడం. 2007 ప్రాంతంలో ‘ప్రోటీన్ కరోనా’ అని పేరొందిన ఈ పొర కారణంగా, జీవకణం ఎదుర్కొనేది సీసాలో తయారైన రేణువును కాదు, దాని మారురూపాన్ని.

వెండి హాని ప్రధానంగా దానినుంచి విడుదలయ్యే అయాన్లనుంచి వస్తుంది. జీవకణం రేణువును మింగి, ఆమ్లగుణం గల లైసోజోమ్ అనే సంచిలోకి చేర్చినప్పుడు ఈ విడుదల లోపలే జరుగుతుంది. బంగారం కలిపితే అయాన్ల విడుదల తగ్గుతుంది. అయితే ఆ తగ్గుదల పాళ్లకు అనుగుణంగా నడవదు. లేజరుతో చేసిన రేణువులపై జర్మనీలో జరిగి 2014లో వెలువడిన పరిశోధన, బంగారం చేరినప్పుడు బ్యాక్టీరియాను అణచే శక్తి వెండి పాలు తగ్గినదానికన్నా ఎక్కువగా పడిపోతుందని చూపింది. వేరే పద్ధతిలో చేసిన రేణువులతో కొద్దిపాటి బంగారం చేరిన వెండి, శుద్ధ వెండికన్నా హెచ్చు హాని చేసిన ఫలితాలూ ఉన్నాయి. ఈ వైరుధ్యానికి రేణువు పరిమాణం, పైపూత, ఉపరితలంపై ఏ లోహం ఎంత ఉందన్నది కారణాలు కావచ్చు.

అందువల్ల ఇలాంటి పరీక్షలో మిశ్రలోహ రేణువుతోపాటు శుద్ధ బంగారు రేణువులు, శుద్ధ వెండి రేణువులు, వాటి సాధారణ మిశ్రమం, వెండి లవణ ద్రావణం, రేణువులను తీసివేశాక మిగిలిన ద్రవం పోలికగా ఉండాలి. అవి లేకుండా ప్రకటించిన మరణ శాతాన్ని మిశ్రలోహానికి ఆపాదించడం చెల్లదు.