అన్నం వేళలు – అప్పుడూ ఇప్పుడూ

మన సమావేశాల్లో పెన్షను, డి.ఎ. సంగతుల తరువాత ఎక్కువగా వినబడేవి షుగరు, బరువు, మోకాళ్ళ నొప్పులు. ఏమి తినాలో డాక్టర్లు చెబుతూనే ఉన్నారు. ఎప్పుడు తినాలన్న దానికి మన ఆస్పరి ప్రాంతంలో ఒక చరిత్ర ఉన్నది. క్లుప్తంగా మనవి చేస్తాను.

మన పెద్దలది మెట్ట సేద్యం. జొన్న, కొర్ర వారి తిండి. పొద్దున్నే మజ్జిగ పోసిన సద్ది సంగటో, జొన్నరొట్టె ఊరుబిండో తిని చేనికి పోయేవారు. మధ్యాహ్నం చేని గట్టున సద్దిమూట విప్పేవారు. దీపాలు పెట్టే వేళకు రాత్రి తిండి ముగిసేది. దీపానికి నూనె దండగ, తెల్లవారకముందే లేవాలి, అందుకే ఆ అలవాటు.

అంతమాత్రాన ఆ కాలమంతా మంచిదనరాదు. వారు సన్నగా ఉన్నది వేళకు తిన్నందుకే కాదు. ఒళ్ళు వంచిన కష్టం, చాలీచాలని గింజల వల్ల కూడా. ఆదోని, ఆలూరు తాలూకాలు 1953 దాకా బళ్ళారి జిల్లాలోవి. 1876-78 ధాత కరువు ఆ జిల్లాను పీల్చి పిప్పి చేసింది. 1877లో కరువు పనుల కూలీకి రోజుకు ఒక పౌను ధాన్యం, కొద్ది డబ్బు చాలునని సర్ రిచర్డ్ టెంపుల్ నిర్ణయించగా, అది ప్రాణం నిలపదని మద్రాసు శానిటరీ కమిషనర్ డాక్టర్ కార్నిష్ వాదించాడు. తిండే లేనప్పుడు వేళ ఎక్కడిది?

1871లో మద్రాసు రైలుమార్గం మన ప్రాంతం మీదుగా రాయచూరు చేరి బొంబాయి లైనుతో కలిసింది. రైలు, ఆదోని పత్తి మిల్లులు, సర్కారు కచేరీలు గడియారాన్ని తెచ్చాయి. తరువాత కరెంటు దీపం వచ్చి రాత్రిని పొడిగించింది. మాబోటి గుమాస్తాలకు పదిన్నరకు ఆఫీసు. పొద్దున హడావిడిగా నాలుగు ముద్దలు, సాయంత్రం ఉగ్గాని బజ్జి, రాత్రి తొమ్మిది దాటాక కడుపునిండా అన్నం. 1983లో రెండు రూపాయల బియ్యం వచ్చాక జొన్నరొట్టె కూడా వెనకబడింది.

2022లో అమెరికాలోని బోస్టన్‌లో లావుపాటి వారు 16 మందికి అదే తిండిని నాలుగు గంటలు ఆలస్యంగా పెట్టి చూశారు. ఆకలి పెరిగింది, కడుపు నిండిందని చెప్పే లెప్టిన్ తగ్గింది, ఒళ్ళు ఖర్చు చేసే శక్తీ తగ్గింది. అదే ఏడు స్కాట్లండులోని అబర్డీన్‌లో 30 మందిపై చేసిన పరిశోధనలో, పొద్దున ఎక్కువ తిన్నా రాత్రి ఎక్కువ తిన్నా బరువు ఒకేలా తగ్గింది. అయితే పొద్దున ఎక్కువ తిన్నప్పుడు ఆకలి తక్కువగా ఉండింది. అంటే వేళ మార్చినంతనే కొవ్వు కరగదు. ఆకలి అదుపులో ఉంటే మితంగా తినడం సులువవుతుంది.

మిత్రులారా, మనకిప్పుడు హాజరుపట్టీ లేదు. అయినా టీవీ సీరియల్ అయ్యాకే కంచం ముందు కూర్చుంటున్నాము. పొద్దున పూట గట్టిగా తిని, రాత్రి ఏడు గంటలకల్లా తేలికగా ముగించుకుందాము. షుగరు మాత్రలు, ఇన్సులిన్ వాడేవారు మాత్రం డాక్టరును అడగనిదే వేళలు మార్చవద్దనీ, పూట తప్పించవద్దనీ నా మనవి.