మంత్రసాని మూట నుంచి ఆశా సంచీ దాకా

"మంత్రసానితనానికి ఒప్పుకున్నాక ఏదొచ్చినా పట్టాల్సిందే" అని మనవాళ్ళు నవ్వుతూ ఒక సామెత అంటూంటారు. నవ్వుకుంటాం గానీ, ఆ మంత్రసాని ఎవరు, ఆవిడకి ఆ విద్య ఎవరు నేర్పారు అని ఎప్పుడైనా ఆలోచించామా?

జగ్గయ్యపేట, నందిగామ వైపు మెట్ట ఊళ్ళనే తీసుకోండి. పత్తి, మిరప పండే నేల. పత్తి తీతా మిరపకోతా ఉన్నంతకాలం ఆడవాళ్ళకి క్షణం తీరిక ఉండదు. ఇవాళ హైవే మీద బస్సెక్కితే బెజవాడ ఎంతసేపు! ఆ రోజుల్లో అర్ధరాత్రి నొప్పులొస్తే బండి కట్టే వ్యవధి కూడా ఉండేది కాదు. పక్క వీధిలో మంత్రసానే దిక్కు. వెనకబడిన కులాల ఆడవాళ్ళే ఎక్కువగా ఈ పని చేసేవారు. తల్లి దగ్గరో అత్త దగ్గరో చూసి నేర్చుకున్న విద్య అది. వాళ్ళ చేతివాటం గొప్పదే. కాని చేతిలోని కొడవలికో, మేదరి దబ్బకో ఉన్న మురికి కంటికి కనిపించేది కాదు. పుట్టిన వారం పదిరోజులకే పసివాడు కొయ్యలా బిగుసుకుపోతే గాలి సోకిందనుకునేవారు. అది బొడ్డు కోసిన చోటునుంచి పాకిన ధనుర్వాతం.

ఈ మంత్రసానులకి కాస్త శిక్షణ ఇద్దామన్న ఆలోచన కొత్తదేం కాదు. 1885లో లేడీ డఫ్రిన్ పేర ఆడవాళ్ళ వైద్యానికి ఒక నిధి ఏర్పడింది. 1903లో లేడీ కర్జన్ పూనికతో, ప్రత్యేకంగా మంత్రసానుల శిక్షణ కోసమే విక్టోరియా మెమోరియల్ స్కాలర్‌షిప్ నిధి వచ్చింది. పేరులో స్కాలర్‌షిప్ అని ఎందుకుందో గమనించారా? పాఠానికి రమ్మంటే సరిపోదు. ఆ పూట కూలి పోతే ఇంట్లో పొయ్యి ఎలా వెలుగుతుంది?

స్వాతంత్ర్యం వచ్చాక 1950లలో రెండేళ్ళ ఏఎన్ఎం చదువు వచ్చింది. మన ఊళ్ళల్లో 'నర్సమ్మ' అంటామే, ఆవిడే. ఉద్యోగాలైతే వచ్చాయిగాని, అందులో చేరడానికి కావలసిన చదువున్న ఆడపిల్ల పల్లెల్లో ఏదీ? ఆ చిక్కుముడి విప్పింది మన దుర్గాబాయమ్మగారు.

దుర్గాబాయి దేశ్‌ముఖ్ 1909లో రాజమండ్రిలో పుట్టారు. ఎనిమిదేళ్ళకే పెళ్ళి చేశారు. ఉప్పు సత్యాగ్రహంలో జైలుకెళ్ళారు. బయటికొచ్చాకే పట్టుదలగా బెనారస్ మెట్రిక్ పరీక్షకి కూచున్నారు. 1942లో లా పట్టా పుచ్చుకునేదాకా ఆగలేదు. మద్రాసులో ఆంధ్ర మహిళా సభ పెట్టి, తనలాగే చదువు ఆగిపోయినవాళ్ళని ఆ మెట్రిక్ పరీక్షకే తయారుచేశారు. 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డుకి మొదటి అధ్యక్షురాలయ్యారు. 1958లో ఆ బోర్డు తరఫున పెద్దవయసు స్త్రీలకి సంక్షిప్త విద్యా కోర్సులు మొదలయ్యాయి. ఏళ్ళ తరబడి చదవవలసిన చదువుని రెండేళ్ళలో నేర్పి, మెట్రిక్ గట్టెక్కించడం, అక్కణ్ణుంచి నర్సుగానో టీచరుగానో గ్రామసేవికగానో పంపడం. అంటే ఆ కోర్సు తనంతట తాను గమ్యం కాదు. పై మెట్టు అందుకోవడానికి వేసిన పీట.

తర్వాత వచ్చిన పొట్టి కోర్సులన్నీ అలా లేవు. 1977లో ఊరూరా మంత్రసానులకి శిక్షణ పెట్టారు. ముప్ఫై పనిదినాలు, 300 రూపాయల భత్యం. వారానికి రెండు రోజులు ఆరోగ్య కేంద్రంలో పాఠం, మిగతా రోజులు నర్సమ్మ వెంట ఊళ్ళు తిరగడం. నేర్పిన సారం ఒక చేతి వేళ్ళమీద లెక్కపెట్టచ్చు. శుభ్రమైన చేతులు, శుభ్రమైన చోటు, శుభ్రమైన బ్లేడు, శుభ్రమైన దారం, బొడ్డుకి ఏ పూతా లేకపోవడం. ఇంతే! కాని ఈ శుభ్రతకి తల్లులకి వేసిన టీకాలు తోడై ఎంత పని చేశాయో చూడండి. పసివాళ్ళ ధనుర్వాతాన్ని అదుపు చేసిన తొలి రాష్ట్రంగా 2003లో ఆంధ్రప్రదేశ్‌కి పేరొచ్చింది. 2015కి దేశమంతా ఆ గీత దాటింది.

ఆ పని చేసిన ముసలమ్మల్లో ఒక్కరైనా నర్సయ్యారా? లేదు. కిట్టు పెట్టె, సర్టిఫికెట్టు ఇచ్చి ఇంటికి పంపారు. ప్రసవాలు ఆసుపత్రులకి మారాక ఆ పెట్టె కూడా అటకెక్కింది.

2005లో ఆశా కార్యకర్తలు వచ్చారు. ఎనిమిదో తరగతి చదువు, 25 నుంచి 45 ఏళ్ళ వయసు, 23 రోజుల తొలి శిక్షణ. గర్భిణుల్ని ఆసుపత్రికి తీసుకెళ్ళేదీ, కరోనా రోజుల్లో ఇంటింటికీ తిరిగిందీ వాళ్ళే. 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ వాళ్ళని సత్కరించింది. అయినా కాగితం మీద వాళ్ళు 'స్వచ్ఛంద' కార్యకర్తలే. ఇచ్చేది జీతం కాదు, గౌరవ వేతనం. మన రాష్ట్రంలో 2019లో అది నెలకి 10,000 అయింది. 2025లో గ్రాట్యుటీ, ప్రసూతి సెలవు కూడా ప్రకటించారు. సంతోషమే. కాని పదిహేనేళ్ళు ఊరంతా తిరిగిన ఆశా నర్సమ్మ కావాలంటే ఏఎన్ఎం కోర్సుకి ఇంటర్ ఉండాలి, వయసు 35 దాటకూడదు. ఆమె అనుభవాన్ని ఏ మార్కుల జాబితాలో వేస్తారు చెప్పండి!

ఇప్పుడు మూడు నాలుగు నెలల కోర్సుల కాలం. ఆసుపత్రి సహాయకులనీ, వృద్ధుల్ని చూసుకునేవాళ్ళనీ శిక్షణ ఇస్తున్నారు. 2021లో కరోనా కోసమైతే లక్షమందికి రెండు మూడు నెలల్లోనే నేర్పే పథకం పెట్టారు. పిల్లలు పెద్దయ్యాక ఏదో ఒక పని చేసుకుందామనుకునే గృహిణికీ, భర్త పోయి ఇల్లు మీద పడ్డ ఇల్లాలికీ ఇవి నిజంగా ఆసరాయే. వద్దనడం నా ఉద్దేశం కాదు.

మీ ఇంట్లోగాని, మీ పక్కింట్లోగాని ఎవరైనా అలాంటి కోర్సులో చేరబోతుంటే ఫీజు కట్టేముందు మూడు ముక్కలు అడగమనండి. సర్టిఫికెట్టు ఎవరిస్తారు? ఆసుపత్రిలో రోగుల దగ్గర ఎన్నాళ్ళు పని నేర్పుతారు? దీని తర్వాత మెట్టు ఏది? మూడోదానికి జవాబు రాకపోతే బెంగపడక్కర్లేదు, పక్కన ఆ మెట్టు మనమే కట్టుకోవచ్చు. 1991 నుంచీ మన రాష్ట్రంలో సార్వత్రిక పాఠశాల ఉంది, ఆగిన చోటునుంచి పదో తరగతి, ఇంటర్ చదివించడానికి. దుర్గాబాయమ్మగారు పట్టిన దారి అదే. ఆవిడ ముందు చదువుకుని, తర్వాత మనకోసం ఆ దారి వేశారు.