గొర్రెలకిచ్చిన లోయ

గొర్రె అంటే మనకి జాలి. సామెతలో కూడా అది కసాయివాణ్ణి నమ్మి మోసపోయే జీవమేగా! అటువంటి గొర్రె కోసం ఊళ్లకి ఊళ్లు ఖాళీ చేయించారంటే నమ్ముతారా?

స్కాట్లాండు ఉత్తరపు కొసన, నేవర్ నది సముద్రంలో కలిసేచోట బెట్టీహిల్ అనే చిన్న ఊరుంది. అక్కడ 1774 నాటి చర్చి ఒకటి 1976 నుంచి స్ట్రాత్‌నేవర్ మ్యూజియం అయింది. రాజుల కత్తులూ కిరీటాలూ చూడాలనుకునేవాళ్లకి అక్కడ పనిలేదు. అది ఆ కొండలోయ మనుషుల కథ చెప్పే మ్యూజియం.

ఆ లోయ రైతులు తరతరాలుగా గేలిక్ భాష మాట్లాడుకుంటూ, ఓట్స్, బార్లీ పండించుకుంటూ, నల్లపశువుల్ని పెంచుకుంటూ బతికారు. భూమి మాత్రం సదర్లండ్ జమీందారిణి ఎలిజబెత్‌ది. పద్ధెనిమిదో శతాబ్దం చివర ఉన్నికీ మాంసానికీ గిరాకీ పెరిగింది. దక్షిణాది నుంచి చెవియట్ అనే మేలుజాతి గొర్రె వచ్చింది. వేసవిలో అది కొండమీద మేస్తుంది. చలికాలంలో మాత్రం దానికి దిగువన, నది ఒడ్డున పచ్చిక కావాలి. మనుషుల ఇళ్లూ పొలాలూ ఉన్నదీ ఆ ఒడ్డునే! చిక్కంతా అక్కడే వచ్చింది. వందలాది కుటుంబాలిచ్చే శిస్తు కంటే ఒక్క గొర్రెల ఆసామీ ఇచ్చే కౌలే ఎక్కువని లెక్క తేలింది.

1814లో ఇళ్లు ఖాళీ చేయించిన ఎస్టేటు ఏజెంటు పాట్రిక్ సెల్లర్. ఆ బీళ్లని కౌలుకి పాడుకున్నదెవరనుకున్నారు? ఆయనే! చెట్లు కరువైన ఆ సీమలో ఇంటి దూలాలే పేదవాడి ఆస్తి. ఎక్కడికి వెళ్లినా మోసుకుపోయేవారు. మళ్లీ గూడు కట్టుకోకుండా వాటికే నిప్పుపెట్టారు. మార్గరెట్ మకే అనే పండు ముసలామెని కాలుతున్న ఇంట్లోంచి మోసుకొచ్చారు. పాపం, అయిదు రోజులకి పోయింది. 1816లో ఇన్వర్నెస్‌లో విచారణ జరిగింది. సెల్లర్ నిర్దోషి అన్నారు.

నా మనసుని పట్టుకున్నది మాత్రం మ్యూజియంలోని పుల్పిట్. 1819లో ఖాళీ చేయమన్న నోటీసుల్ని పాస్టరు డేవిడ్ మెకెంజీ దానిమీంచే చదివి వినిపించారని చెబుతారు. ఓదార్పు కోసం వచ్చి కూర్చున్నవాళ్లు ఆ మాట ఎలా విన్నారో! ఊళ్లో తమవాడనుకున్న గొంతు, తమ భాషలోనే, పొమ్మంటోంది. పశువులు కాసిన చేతులకి సముద్రపు ఒడ్డున రాళ్లనేల చెక్కలిచ్చి, చేపలు పట్టుకోమన్నారు. కొందరు సముద్రాలు దాటిపోయారు.

పోనీ, గొర్రెలైనా నిలిచాయా? 1870ల తర్వాత ఉన్ని ధర పడిపోయింది. ఎన్నో కొండలు దొరల జింకలవేటకి పోయాయి. ఒకప్పటి రోసల్ గ్రామంలో ఇప్పుడు గోడల ఆనవాళ్లే మిగిలాయి.

బెట్టీ అంటే ఎలిజబెత్. వెళ్లగొట్టిన జమీందారిణి పేరు ఊరికే ఉండిపోయింది. వెళ్లినవాళ్ల కథ నిలవడానికి ఒక మ్యూజియం కావలసి వచ్చింది.